మన ఇల్లు, మన బిడ్డలు: "స్కిల్ పెంచుతున్న బాపూ!"



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో బోధన్ దగ్గరి ఒక చెరకు గ్రామం నుండి వచ్చిన ఉత్తరం మమ్మల్ని కొంచెంసేపు నవ్వించింది, చాలాసేపు ఆలోచింపజేసింది. వ్రాసినది ఒక తండ్రి. ఒకప్పుడు శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో పాన్ మీద పనిచేసినవారు. కుమారుడు నిజామాబాదులో డిగ్రీ చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వస్తే, వాయిదాల మీద కొన్న లాప్‌టాప్ ముందు కూర్చొని భోజనానికి కూడా లేవడట. "రాత్రి పన్నెండు దాక ఏం జేస్తున్నవ్‌రా?" అని అడిగితే, "జర ఆగు బాపూ, స్కిల్ పెంచుతున్న" అన్నాడట. ఆ తండ్రి మమ్మల్ని అడిగినవి రెండే మాటలు. అది నిజంగా నేర్పేనా? దానితో వాడికి ఏమి వస్తుంది?

ఇటువంటి ఉత్తరానికి "ఆట మాన్పించండి" అని ఒక్క వాక్యంలో జవాబు వ్రాయడం సులువు. కాని అబ్బాయి చెప్పినది అబద్ధం కాదు. అలాగని తండ్రి అనుకున్న అర్థంలో నిజమూ కాదు. తండ్రి ఒక భాషలో అడిగారు, కొడుకు ఇంకొక భాషలో చెప్పాడు. ఆ రెండవ భాష కొంచెమైనా తెలియాలని, యౌవనుల కూడికకు వచ్చే ఇద్దరు కుర్రవాళ్ళ ప్రక్కన మేము రెండు సాయంత్రాలు కూర్చొని చూచాము. మా ప్రశ్నలకు వాళ్ళు విసుగుకోలేదు. ఒకడైతే, "మా ఇంట్ల ఇట్ల ఎవరూ అడగలేదు" అన్నాడు.

ఈ రకం ఆటలను యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లు అంటారు. పేరు పొడుగు, సంగతి చిన్నది. ఆడేవాడికి తెరమీద ఒక మనిషిని ఇస్తారు. ఆ మనిషిని వాళ్ళు క్యారెక్టర్ అంటారు. మనకు క్యారెక్టర్ అంటే నడవడి, వాళ్ళకు ఆ బొమ్మ మనిషి. "క్యారెక్టర్ బిల్డ్ చేస్తున్న" అని కొడుకు అంటే తల్లి సంతోషపడిన ఇల్లు కూడా ఉన్నదని విన్నాము! ఆ మనిషి మొదట బలహీనుడు. శత్రువులను గెలిచిన కొద్దీ వాడికి కొంత సంపాదన వస్తుంది. దానితో ఒక్కొక్క మెట్టు ఎక్కిస్తారు. మెట్టు ఎక్కినప్పుడల్లా ఒకటో రెండో పాయింట్లు చేతికి వస్తాయి. వాటిని ఒంటి బలానికి పెట్టాలా, దమ్ముకు పెట్టాలా, చేతి నేర్పుకు పెట్టాలా అన్నది ఆడేవాడి ఇష్టం. ఇలా లెక్కవేసి పెట్టుకున్న దానినే బిల్డ్ అంటారు.

నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసిన వారికి ఇది వివరించనక్కరలేదు. సాగర్‌లో నీరు ఇంతే ఉన్నది. వరికి ఎంత, చెరకుకు ఎంత, ఎప్పుడు వదలాలి, చివరి మడికి చేరుతుందా? ఒకచోట ఎక్కువ పెడితే ఇంకొకచోట తగ్గుతుంది. బిల్డ్ చేయడమంటే ఆ తెలివే.

పూర్వం ఈ లెక్క ఇంకా కఠినంగా ఉండేది. 2000 సంవత్సరంలో వచ్చిన డయాబ్లో 2 అనే ఆట ఈ రకం ఆటలకు పెద్దన్న వంటిది. (పేరు వింటేనే మన పెద్దలు ఉలిక్కిపడతారు. స్పానిష్ భాషలో ఆ మాటకు అర్థం అపవాదియే.) అందులో మెట్టు ఎక్కిన ప్రతిసారి దేహగుణాలకు 5 పాయింట్లు, విద్యలకు 1 పాయింటు ఇస్తారు. మొత్తం మెట్లు 99. కొన్ని గొప్ప విద్యలు 30వ మెట్టుకు గాని తెరుచుకోవు. కనుక ముందుచూపు గల ఆటగాడు వచ్చిన పాయింట్లను ఖర్చు చేయకుండా దాచుకొని, చాలా మెట్లు బలహీనంగానే నడిచేవాడు. తొందరపడినవాడు చిన్న విద్యలకు తగలేసి, తరువాత చూచుకుంటే చేతిలో ఏమీ ఉండేది కాదు. ఒకసారి పెట్టిన పాయింటు తిరిగి రాదు. వెనక్కి తీసుకొని మళ్ళీ పంచుకునే వీలు ఆ ఆటలో 2010లో గాని రాలేదు. పదేళ్ళపాటు తప్పుచేసినవాడు మొదటినుండి మొదలు పెట్టవలసిందే.

ఇప్పుడు ఆ అబ్బాయి ఆడుతున్న ఆట సంగతికి వద్దాము. తండ్రి ఉత్తరంలో వ్రాసిన గుర్తులను బట్టి అది ఎల్డెన్ రింగ్. జపాను దేశపు ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ తయారుచేయగా 2022 ఫిబ్రవరిలో విడుదలైంది. లోకమంతటా కోట్లలో అమ్ముడుపోయింది. ఇందులో మనిషికి ఎనిమిది గుణాలు. ప్రాణబలం, మనసు, దమ్ము, కండబలం, చేతి నేర్పు, తెలివి, విశ్వాసం, గూఢశక్తి. అవును, విశ్వాసం కూడా ఒక అంకెయే! ఆ గడిలో 8 ఉంటే తక్కువ, 60 ఉంటే ఎక్కువ. మా ప్రక్కన ఉన్న కుర్రవాడు "నా ఫెయిత్ ఎనిమిదే అంకుల్" అంటే మాకు ఏమనాలో తోచలేదు.

నేర్పుగల మనిషిని తయారుచేయాలనుకునేవారు ఎక్కువగా సమురాయ్ అనే తరగతితో మొదలుపెడతారు. వాడు తొమ్మిదవ మెట్టులో మొదలవుతాడు, చేతి నేర్పు 15. వాడి చేతిలో ఉచిగతానా అనే వంకర కత్తి ఉంటుంది. ఆ కత్తి పట్టాలంటే కండబలం 11, నేర్పు 15 ఉండాలి. అంటే వాడు మొదటి గడియనుండే ఆ కత్తికి సరిపోయినవాడు. ప్రతి ఆయుధానికి నేర్పుతో ఎంత సంబంధం ఉన్నదో అక్షరాలలో చూపిస్తారు. ఇ అంటే తక్కువ, డి, సి, బి, ఏ అలా పైకి వెళ్ళి, అన్నిటికంటె పైది ఎస్. స్టార్మ్‌వీల్ అనే కోటలో ఒక ఇనుప సాన దొరుకుతుంది. అది దొరికిన తరువాత కత్తికి పదును పద్ధతి పెట్టుకుంటే నేర్పు అక్షరం పైకి లేస్తుంది, కండబలం అక్షరం దిగుతుంది. దానికి తోడు సానరాళ్ళు ఏరుకొని కత్తిని ఇరవై అయిదు మెట్ల వరకు పదునెక్కించవచ్చు. నేర్పు 80 దాటాక పాయింటుకు వచ్చే ఫలితం బాగా తగ్గిపోతుంది. ఇవన్నీ ఆ పిల్లలకు కంఠతా వచ్చు. ఎరువు మోతాదు చెప్పినంత సులువుగా చెప్తారు.

ఇక్కడ క్రొత్తగా ఆడేవాళ్ళు చేసే పొరపాటు ఒకటున్నది. మాకు ఆ రెండు సాయంత్రాలలో అన్నిటికంటె ఆసక్తిగా తోచినది ఇదే. నేర్పు మనిషి అనుకోగానే, వచ్చిన ప్రతి పాయింటు నేర్పుకే పెట్టేస్తారు. కత్తి భయంకరంగా తెగుతుంది. కాని మనిషి ఒక్క దెబ్బకే పడిపోతాడు. అనుభవమున్నవారు మొదట ప్రాణబలానికి పెడతారు. దానిని 40 వరకు పెంచితే ప్రాణం లెక్క 1450 అవుతుంది. 60కి పెంచితే 1900. అక్కడినుండి ఇంకా 39 పాయింట్లు పోసి 99కి తీసుకొని వెళ్ళినా 2100 మాత్రమే. అంటే ఎక్కడిదాకా పోయాలో, ఎక్కడ ఆపాలో తెలియాలి. చెరకుకు నీళ్ళు తక్కువైతే ఎండుతుంది. అవసరానికి మించి నిలిస్తే వేరు కుళ్ళుతుంది, పాలు తగ్గుతుంది. బరువు సంగతి కూడా అంతే. ఒంటిమీది కవచం, ఆయుధాల బరువు మోయగలిగిన దానిలో నూటికి 30 లోపు ఉంటే మనిషి తేలికగా దొర్లుతాడు, 70 దాటితే మొద్దుగా పడతాడు. నేర్పు మనిషికి ఇనుప తొడుగులు వేస్తే నేర్పు పనికిరాదు.

ఇంతవరకు చెప్పినదంతా అంకెల నేర్పు. కూర్చుంటే ఎవరైనా కూడబెట్టవచ్చు. గంటలు ఖర్చు పెడితే చాలు.

రెండవ నేర్పు చేతిది. అది తెరమీది బొమ్మది కాదు, కుర్చీలో ఉన్న పిల్లవాడిది. ఆ కోట వాకిట్లో మార్గిట్ అనే కాపలాదారు ఒకడుంటాడు. పొడుగాటి చేతికర్రతో కొడతాడు. మామూలు శత్రువు చెయ్యెత్తగానే కొడతాడు కదా, వీడు ఎత్తిన కర్రను గాలిలోనే ఆపుతాడు. భయపడినవాడు కర్ర లేవగానే ప్రక్కకు దొర్లుతాడు. దొర్లి లేచేసరికి కర్ర దిగుతుంది. మా కుర్రవాడు తన తమ్ముడికి కంట్రోలర్ ఇచ్చి చూపించాడు. తమ్ముడు పదకొండు సార్లు చచ్చాడు, ప్రతిసారీ తొందరపడే. తరువాత అన్న ఆడాడు. కర్ర లేచింది, అన్న కదలలేదు. మాకే ఊపిరి ఆగినంత పని అయింది. కర్ర దిగబోయే క్షణాన ఒక్క అడుగు ప్రక్కకు దొర్లి, వాడు తిరిగి సర్దుకునేలోపు రెండు దెబ్బలు వేశాడు. మూడవది వేయలేదు. "మూడోది ఆశ అంకుల్. ఆశపడితే చస్తాం" అన్నాడు.

చచ్చిపోతే అంతవరకు కూడబెట్టినది ఆ స్థలంలోనే పడి ఉంటుంది. మళ్ళీ అక్కడికి బ్రతికి చేరితే తీసుకోవచ్చు. దారిలో ఇంకొకసారి చస్తే అది శాశ్వతంగా పోయినట్టే. అన్నదమ్ములిద్దరి తెరమీది మనుష్యులకు అంకెలు ఒకటే, మనిషి ఒకడే, కత్తి ఒకటే. ఫలితం మాత్రం వేరు. ఇదే ఆటను అసలు ఒక్క మెట్టు కూడా ఎక్కించకుండా, మొదటి మెట్టు మీదనే, ఎనిమిది గుణాలూ 10 దగ్గరే ఉంచి పూర్తిచేసినవారు లోకంలో చాలామంది ఉన్నారు. కనుక ఆ తండ్రి మొదటి ప్రశ్నకు మా జవాబు: అంకెలు పెంచుకోవడం నేర్పు కాదు, ఓపిక మాత్రమే. ఆగి చూచి, సమయానికి కదలడం మాత్రం నిజమైన నేర్పే.

ఈ మాట ఆ తండ్రికి మేము చెప్పడం కొంచెం విడ్డూరమే. పాన్ మీద పనిచేసినవారికి తెలియని సంగతి కాదిది. తెలియని పాఠకుల కోసం చెప్తాము. చక్కెర ఫ్యాక్టరీలో పాన్ అంటే పాకం గింజకట్టే పెద్ద పాత్ర. లోపల ఏమి జరుగుతున్నదో పాన్‌మ్యాన్ కొంచెం పాకం బయటికి తీసి, గాజుపలక మీద రాసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తాడు. గింజ ఏ పాటిగా ఉన్నది, పాకం ఎంత చిక్కగా ఉన్నది, ఇంకా పాకం ఎప్పుడు వదలాలి అన్నది కన్నూ వేళ్ళూ చెప్పాలి. పాకం మరీ చిక్కబడితే అక్కరలేని సన్నగింజ పుట్టి సరుకు చెడుతుంది. పుస్తకం చదివి ఇది రాదు. ఏళ్ళ తరబడి సీజను వెంట సీజను నిలబడితే వస్తుంది. 1937లో స్థాపించబడి, ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతులలోకి వెళ్ళింది, 2015 డిసెంబరులో మూతపడింది. చేతిలో నేర్పు మిగిలింది, దాన్ని పెట్టడానికి పాన్ లేదు. ఆటలోనైతే పెట్టిన పాయింట్లను వెనక్కి తీసి ఇంకొకచోట పెట్టుకోవచ్చు. ఎల్డెన్ రింగ్‌లో అందుకు ఒక చిన్న వస్తువు, ఒక రాణి చాలు. నలభై అయిదేళ్ళ పాన్‌మ్యాన్‌కు ఆ రాణి ఎక్కడ దొరుకుతుంది? అటువంటి తండ్రి "దానితో ఏమి వస్తుంది?" అని అడిగితే, అది పాతకాలపు చాదస్తం అనుకోకండి, తమ్ముళ్ళారా. ఆయన అడుగుతున్నది ఆట గురించి కాదు.

ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. 2003లో అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయపు ఇద్దరు శాస్త్రజ్ఞులు, షాన్ గ్రీన్, డాఫ్నీ బవేలియే, నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. వేగంగా ఆడే ఆటలు ఆడినవారి చూపు ఒకేసారి ఎక్కువ వస్తువులను గమనించగలుగుతున్నదని అందులో తేలింది. అక్కడ ఆడించినవి తుపాకీ ఆటలు, ఈ రకం ఆటలు కావు. అది చూపుకు సంబంధించిన మాటే గాని, చదువుకు, ఉద్యోగానికి సంబంధించినది కాదు. ఇంకొకటి గమనించండి. ఆటరాని వారికి వాళ్ళు ఆడించినది రోజుకు ఒక గంట, పది రోజులు. రాత్రి పన్నెండు దాకా కాదు.

అయితే ఆట ఆడటం వేరు, ఆటను తయారుచేయడం వేరు. ఎల్డెన్ రింగ్‌ను రూపొందించిన హిదెతాకా మియజాకి బీద కుటుంబంలో పుట్టాడు. ఇంట్లో పుస్తకాలు కొనే స్తోమత లేక గ్రంథాలయంలో తెచ్చుకొని చదివేవాడు. తన చదువుకు మించిన పుస్తకాలు కావడంతో సగం అర్థం కాక, ఆ ఖాళీలను ఊహతో నింపుకునేవాడట. మొదట కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం చేశాడు. 29 ఏళ్ళ వయసులో, 2004లో, తక్కువ జీతానికి ఆటల కంపెనీలో చేరాడు. పదేళ్ళకు దానికి అధ్యక్షుడయ్యాడు. మన హైదరాబాదులోనే ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ 2017లో అసుర అనే ఆటను విడుదల చేసింది. అదీ ఈ రకం ఆటయే, మన దేశపు పురాణకథల పోకడలో తీసినది. అందులో విద్యల చెట్టు ప్రతిసారీ మారిపోతుంది. నిన్నటి బిల్డ్ ఇవాళ పనికిరాదు, ఉన్నదానితో క్రొత్తగా లెక్క వేసుకోవాలి. దానిలో బొమ్మలు గీసినవారు, లెక్కలు వ్రాసినవారు, శబ్దం కూర్చినవారు ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2016లో ఆటలు, యానిమేషన్ పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించింది. ఇవి చూచి ఆడే ప్రతి కుర్రవాడూ రేపు ఆటలు తయారుచేస్తాడని మేము అనము. చెరకు తిన్నవాడల్లా చక్కెర వండలేడు కదా. కాని ఆట లోపలి లెక్క ఎందుకు అలా ఉన్నదని అడిగే పిల్లవాడు ఒకడుంటే, వాడికి కంప్యూటరు చదువు వైపు ఒక తలుపు తెరిచి చూపించండి.

ఇక తల్లిదండ్రులు నిజంగా భయపడవలసినది ఇంకొకటి ఉన్నది. అది ఈ లాప్‌టాప్ ఆట కాదు, జేబులోని ఫోను. ఎల్డెన్ రింగ్‌ను ఒకసారి కొంటే లోపల డబ్బుతో బలం అమ్మరు. అదనపు భాగం 2024లో వేరుగా అమ్మారు, అంతే. ఫోను ఆటలలో చాలావాటికి పద్ధతి వేరు. ఉచితంగా ఇచ్చి, సగం దూరం వెళ్ళాక బలాన్ని, కత్తిని, అదృష్టపు పెట్టెలను రూపాయలకు అమ్ముతారు. అక్కడ అంకెల నేర్పు కూడా గంటలతో రాదు, తండ్రి ఖాతాతో వస్తుంది. అంతకంటె చెడ్డవి పందెపు ఆటలు. "ఇది అదృష్టం కాదు, నేర్పు" అన్న ప్రకటనలు చూచి ఎంతమంది మోసపోయారో! ఆ మాట వెనుక ఒక కథ ఉన్నది. 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీం కోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అన్నది. దానిని అడ్డుపెట్టుకొని ఫోనులో రమ్మీ వ్యాపారం సాగింది. తెలంగాణ 2017లోనే చట్టం సవరించి, నేర్పు పేరుతోనైనా సరే, డబ్బు పందెం కూడదన్నది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా దేశమంతటికీ అలాగే చట్టం చేసింది. ఫోనులో స్కిల్ అన్న మాట కనబడి, ప్రక్కన డబ్బు అడిగితే, అది ఆ అబ్బాయి అన్న స్కిల్ కాదు. వెంటనే యూపీఐ ఖాతా లెక్క తీసి చూడండి.

చిన్నపిల్లలున్న ఇండ్లకు ఒక మాట. ఎల్డెన్ రింగ్‌లో రక్తపాతం ఉన్నది, వికారమైన ఆకారాలున్నవి, దేవతలూ అర్ధదేవతల కథ ఉన్నది. అమెరికాలో దానికి 17 ఏళ్ళు దాటినవారికి అన్న గుర్తు వేశారు. డిగ్రీ చదివే అన్న ఆడుకున్నా, ఎనిమిదేళ్ళ చెల్లెలు ప్రక్కన కూర్చొని చూడవలసినది కాదు. ఆట ముగియడానికి సుమారు 60 గంటలు పడుతుంది. రోజుకు గంటన్నర అనుకుంటే నలభై రోజులు. సెలవులకు సరిపోతుంది. పరీక్షలకు ముందు మొదలుపెడితే సరిపోదు.

ఆ తండ్రిని మేము కోరేది ఒక్కటే. ఈ వారం ఒక సాయంత్రం దీపం పెట్టే వేళకు కొడుకు ప్రక్కన కుర్చీ వేసుకొని కూర్చోండి. "పాయింట్లు దేనికి పెట్టినవ్‌రా? ఎందుకు?" అని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే లెక్క తెలిసే ఆడుతున్నాడన్నమాట. ఎవడో వీడియోలో చెప్పినట్టు పెట్టానంటే, అదీ మంచి సంభాషణే అవుతుంది. తరువాత మార్గిట్ కర్ర లేచినప్పుడు మీరే చెప్పండి, "ఇప్పుడే కాదు, ఇంకా చిక్కబడాలె" అని. ఆ మాట మీకంటె బాగా చెప్పగలిగినవారు ఇంట్లో ఎవరూ లేరు. అబ్బాయి గెలిస్తే మాకు ఒక కార్డు వ్రాయండి.

వచ్చే నెల ఈ శీర్షికలో, హాస్టలుకు వెళ్ళే ఆడపిల్లకు ఫోను ఇవ్వాలా వద్దా అని నవీపేట నుండి వ్రాసిన తల్లి ఉత్తరానికి జవాబు ఇస్తాము.